రికోటా దొరకలేదని లసాన్యా మానేయాలా?

ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అమెరికాలో పుట్టి పెరిగిన మనవడు సెలవులకి వచ్చాడట. గారెలు, పులిహోర, బొబ్బట్లు అన్నీ వారం రోజుల్లో అయిపోయాయి. ‘ఇంకేం చేసిపెట్టమంటావు నాన్నా’ అని అడిగితే వాడు ఆలోచించకుండా ‘లసాన్యా’ అన్నాడు. ఆవిడ వంటల పుస్తకం తెరిస్తే మొదటి వరసలోనే ‘రికోటా ఛీజ్’ అని ఉంది. ఊళ్లో దుకాణాలన్నీ తిరిగారు, లేదు. అదే పుస్తకంలో కింద చిన్న అక్షరాల్లో ‘రికోటా లేకపోతే పన్నీర్ వాడుకోవచ్చు’ అని ఉంటే, అరకిలో పన్నీర్ చిదిమి వేశారు. ఓవెన్లోంచి తీసి కోస్తే లోపల పొడిపొడిగా, ఉప్మా రవ్వలా రాలిపోయిందట. పిల్లాడు రెండు ముక్కలు తిని పళ్లెం పక్కన పెట్టేశాడు. ఏమీ అనలేదు. ‘ఏదైనా అనుంటే బాగుండేది’ అని రాశారావిడ. వాడు వెళ్లేలోగా ఇంకోసారి చెయ్యాలని ఉంది, అసలు రికోటా లేకుండా లసాన్యా అవుతుందా, అవదా, సూటిగా చెప్పండి అన్నారు.

సూటిగానే చెబుతాను. అవుతుంది. లసాన్యాకి పెట్టింది పేరైన బొలోన్యా నగరంలో అసలు రికోటా వేయనే వేయరు.

బొలోన్యా ఇటలీకి ఉత్తరాన ఉన్న ఊరు. 1088లో మొదలైందని చెప్పుకునే విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి దాన్ని ‘చదువుల తల్లి’ అంటారు. తిండి పుష్టిగా ఉంటుంది కాబట్టి ‘లావుపాటిది’ అని కూడా అంటారు. ఊరికి అంత ముద్దుపేరు పెట్టుకుని మురిసిపోయేవాళ్లు తిండి విషయంలో ఎంత పట్టుదలగా ఉంటారో వేరే చెప్పాలా! ఇటలీలో వంటల గురించి పట్టించుకునే అకాడమీ ఒకటుంది. ఆ అకాడమీ బొలోన్యా శాఖవాళ్లు 1982లో మాంసం సాస్ తయారీని, 2003లో లసాన్యా తయారీని అక్కడి చాంబర్ ఆఫ్ కామర్స్‌లో దాఖలు చేశారు. మనం పొలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టన్నమాట. మాంసం సాస్‌ని 2023లో కాస్త సవరించి మళ్లీ దాఖలు చేశారు కూడా. ఆ లసాన్యాలో ఉండేవి నాలుగే. పాలకూర కలిపిన ఆకుపచ్చటి పాస్తా రేకులు, మాంసం సాస్, పాలు-వెన్న-పిండితో చేసే తెల్ల సాస్, పైన తురిమి చల్లే పార్మెజాన్ ఛీజ్. రికోటా ఊసే లేదు.

మరి రికోటా ఎక్కడిది? దక్షిణాదిది. నేపుల్స్ వైపు లసాన్యా వేరు. అక్కడ పాస్తా రేకుల మధ్య రికోటా, చిన్న చిన్న మాంసం ఉండలు, ఉడికించిన కోడిగుడ్డు ముక్కలు, సాసేజ్ ముక్కలు పెడతారు. కార్నివాల్ రోజుల్లో చేసుకునే వంట అది. ఆ తరవాత క్రైస్తవులకి నలభై రోజుల ఉపవాసాలు మొదలవుతాయి కదా, మాంసం ముట్టరు. కార్తీకమాసం రేపనగా మన ఇళ్లలో కొందరు కోడికూర, వేటమాంసం వండుకుని గట్టిగా ఒక పట్టు పట్టినట్టే అదీను.

1880 నుంచి 1920 వరకు దాదాపు నలభై లక్షల మంది ఇటాలియన్లు పొట్ట చేతపట్టుకుని అమెరికా వెళ్లారు. అందులో ఎక్కువమంది దక్షిణాదివాళ్లే. వాళ్లతోపాటు వాళ్ల లసాన్యా కూడా ఓడెక్కింది. పండగపూట వంట కాస్తా అక్కడ మాంసం చవగ్గా దొరకడంతో ఆదివారం వంటైంది. తరవాత స్కూలు క్యాంటీన్లలోకి, సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లలోకి ఎక్కింది. 1978లో మొదలైన కార్టూన్ పిల్లి గార్‌ఫీల్డ్ పుణ్యమా అని లసాన్యా తెలియని పిల్లలు లేకుండాపోయారు. మనకి లసాన్యా ఇటలీ నుంచి రాలేదు. అమెరికా నుంచి, అమెరికా వంటల పుస్తకాల్లోంచి వచ్చింది. అందుకే రికోటా లేకపోతే లసాన్యాయే కాదన్న భయం కూడా దాంతోపాటే వచ్చింది.

తమాషా ఏమిటంటే, అమెరికాలో రికోటా పేరుతో అమ్మేది కూడా చాలావరకు అసలు రికోటా కాదు. రికోటా అంటే ‘మళ్లీ కాచినది’ అని అర్థం. ఛీజ్ తయారుచేసేటప్పుడు పాలు విరిచి, గట్టిగా ఉన్న భాగాన్ని తీసేశాక పచ్చటి తేట మిగులుతుంది. ఆ తేటలో ఇంకా కొన్ని మాంసకృత్తులుంటాయి. పారబోయడం ఇష్టంలేని పల్లెటూరి వాళ్లు దాన్ని మళ్లీ పొయ్యెక్కించి, మరగడానికి కాస్త ముందు పైకి తేలే మెత్తటి తెల్లటి పొరని చిల్లుల గరిటెతో తీసుకునేవారు. అదీ రికోటా. పొదుపులోంచి పుట్టిన పదార్థం. అమెరికా కంపెనీలు అందులో పాలు కూడా పోసి, చాలాచోట్ల పూర్తిగా పాలతోనే చేసి డబ్బాల్లో పెట్టాయి. అదీ దొరకనిచోట అక్కడి ఇల్లాళ్లు కాటేజ్ ఛీజ్ వేసి సరిపెట్టుకున్నారు. అంటే మనం వెతుక్కుంటున్న ‘అసలు’ వస్తువుకే అక్కడ రెండు మూడు బదులు వస్తువులున్నాయి.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. పాత ఇంగ్లిష్-తెలుగు నిఘంటువుల్లో ఛీజ్ అన్న మాటకి ‘జున్ను’ అని అర్థం రాసి ఉంటుంది. చిన్నప్పుడు అది చదివి నవ్వుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించే జున్నెక్కడ, పిజ్జా మీద సాగే ఛీజెక్కడ అని. కానీ రికోటాకి మాత్రం జున్ను దగ్గరి చుట్టమే. ఈనిన పశువు మొదటి రెండు మూడు రోజుల పాలలో తేట భాగానికి చెందిన మాంసకృత్తులు విపరీతంగా ఉంటాయి. అవి వేడికే గడ్డకడతాయి. నిమ్మరసం అక్కర్లేదు, తోడు అక్కర్లేదు. రికోటా ఏర్పడేదీ అచ్చం ఆ సూత్రంతోనే. నిఘంటువు రాసినాయన మరీ అంత తప్పు చెయ్యలేదు. అయితే జున్నుపాలు దొరికితే హాయిగా జున్నే చేసుకోండి, దయచేసి లసాన్యాలో పెట్టకండి.

సరే, పన్నీర్ ఎందుకు దెబ్బకొట్టింది? రికోటా, పన్నీర్ రెండూ వేడికి కరగవు. పాలక్ పన్నీర్‌లో ముక్క ముక్కలాగే ఉండటం చూస్తూనే ఉంటాం. తేడా అంతా నీళ్లలో ఉంది. పన్నీర్‌ని గుడ్డలో మూటకట్టి పైన బరువు పెట్టి నొక్కుతాం. నీళ్లన్నీ పోయి గట్టిపడుతుంది. రికోటాని నొక్కరు, ఊరికే వడకడతారు. దాంట్లో ముప్పావు వంతు దాకా నీళ్లే. ఇప్పుడు పన్నీర్ చిదిమి పాస్తా రేకుల మధ్య పెట్టి ఓవెన్లో పెడితే ఏమవుతుంది? పాస్తా కాస్త తడి పీలుస్తుంది, ఓవెన్ కాస్త తడి లాగేస్తుంది, ఇవ్వడానికి పన్నీర్ దగ్గరేమీ ఉండదు. రవ్వలా రాలక ఏం చేస్తుంది పాపం! పుస్తకంలో ఆ చిన్న అక్షరాల వాక్యం రాసినవాళ్లు ఒక్కసారైనా చేసి చూసి ఉండరని నా అనుమానం.

పన్నీర్ చెయ్యగా మిగిలిన నీళ్లని మళ్లీ కాచి రికోటా తీద్దామని కూడా చూడకండి. మరిగే పాలలో నిమ్మరసం పిండినప్పుడే తేటలోని మాంసకృత్తులు కూడా చాలావరకు పన్నీర్‌తో కలిసి వచ్చేస్తాయి. ఎంతసేపు కాచినా ఆవిరి తప్ప ఏమీ మిగలదు. ఆ నీళ్లు పారబోయకుండా చపాతీ పిండి కలుపుకోండి, చపాతీలు మెత్తగా వస్తాయి.

పెద్ద నగరాల్లో సూపర్‌మార్కెట్లలో ఇప్పుడు రికోటా డబ్బాలు కనిపిస్తున్నాయి. ఖరీదెక్కువ, నిలవ తక్కువ. వాటికోసం బస్సెక్కక్కర్లేదని నా అభిప్రాయం. మన వంటింట్లో ఉన్నవాటితో బొలోన్యా లసాన్యా చేసుకోవచ్చు. బొలోన్యావాళ్లు పాస్తాకి వాడేది మెత్తటి గోధుమపిండి, కోడిగుడ్లు. మన మైదా దానికి దగ్గరగానే ఉంటుంది. పాలు, వెన్న, పాలకూర ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. అమెరికా పద్ధతి కంటే అసలు బొలోన్యా పద్ధతే మనకి తేలికన్నమాట.

అన్నిటికంటే ముఖ్యం తెల్ల సాస్. హోమ్‌సైన్స్ చదివినవాళ్లకి వైట్ సాస్ అంటే వెంటనే తెలుస్తుంది. ఆరుగురికి సరిపడా లసాన్యాకి లీటరు పాలు, 80 గ్రాముల వెన్న, 80 గ్రాముల మైదా కావాలి. మందపాటి గిన్నెలో సన్నటి సెగ మీద వెన్న కరిగించి మైదా వేసి రెండు మూడు నిమిషాలు వేయించండి. పచ్చివాసన పోవాలి గాని రంగు మారకూడదు. ఇప్పుడు పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. ఉండలు కడుతుందేమోనని అందరికీ భయం. రాగిజావలో పిండిని ముందు చన్నీళ్లలో కలుపుకుంటాం కదా, ఇక్కడ ఆ పని వెన్న చేస్తుంది. పిండి రేణువులకి వెన్న పట్టి ఒకదాన్నొకటి అంటుకోకుండా చూస్తుంది. మొదటి గ్లాసు పాలు మాత్రం ఓపిగ్గా, నాలుగైదు విడతల్లో పోసి చిన్న కవ్వంతో తిప్పండి. ఆ తరవాత మిగిలినవి ఒకేసారి పోసినా ఫర్వాలేదు. ఏడెనిమిది నిమిషాలు ఉడికితే గరిటె జారుగా, దోసెపిండికి కాస్త పల్చగా వస్తుంది. ఉప్పు, చిటికెడు జాజికాయ పొడి వెయ్యండి. జాజికాయ చిటికెడే, పాయసంలో వేసినంత వద్దు. ఇందాక రికోటా చెయ్యాల్సిన పని, అంటే పాస్తాకి తడినిచ్చి పొరల్ని కలిపి ఉంచడం, ఈ సాస్ ఇంకా బాగా చేస్తుంది. పిండి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఓవెన్లో పెట్టినా విరగదు.

ఇక మాంసం సాస్. బొలోన్యాలో గొడ్డుమాంసం, పందిమాంసం వాడతారు. మనకి మటన్ కీమా చాలు, 400 గ్రాములు. ఒక ఉల్లిపాయ, ఒక క్యారట్ బాగా సన్నగా తరిగి నూనెలో మెత్తబడేదాకా మగ్గనివ్వండి. కీమా వేసి నీళ్లన్నీ ఇంకేదాకా వేయించండి. నాలుగు టొమాటోల గుజ్జు, తరవాత అరగ్లాసు పాలు పోయండి. కీమాలో పాలా అని ఆశ్చర్యపోకండి, బొలోన్యా రిజిస్ట్రేషన్ కాగితాల్లో కూడా పాలున్నాయి. టొమాటో పులుపు తగ్గి మాంసం మెత్తబడుతుంది. సన్నటి సెగ మీద గంటన్నర ఉడకాలి. అంత తీరిక లేకపోతే కుక్కర్లో నాలుగు కూతలు రానిచ్చి, మూత తీసి దగ్గరపడేదాకా ఉంచండి. ఈలోగా మీ చెయ్యి అల్లంవెల్లుల్లి ముద్ద డబ్బా మీదికి, గరం మసాలా మీదికి దానంతటదే వెళుతుంది. ఈ ఒక్కరోజుకీ ఆపుకోండి. ఉప్పు, మిరియాలపొడి చాలు. మసాలా వేస్తే కీమా కూర రుచి ముందుకొచ్చి తెల్ల సాస్ వెనకబడిపోతుంది.

మాంసం తిననివాళ్లు పుట్టగొడుగులు సన్నగా తరిగి, నీళ్లు పూర్తిగా ఇంకేదాకా వేయించి ఇదే టొమాటో గుజ్జులో వేసుకోవచ్చు. గుత్తివంకాయకి వాడే లేత వంకాయలైనా సరే, చక్రాలుగా తరిగి వేయించి పేర్చుకోవచ్చు. ఇటలీలోనే జెనోవా వైపు మాంసం లేకుండా తులసి జాతి ఆకుతో చేసిన పచ్చటి పెస్టో, తెల్ల సాస్ కలిపి చేస్తారు. శాకాహారులు గమనించాల్సింది ఇంకోటుంది. అసలు పార్మెజాన్ తయారీలో దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. కాబట్టి ఏ ఛీజ్ కొన్నా ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకోండి. పార్మెజాన్ లేకపోతే మామూలు ప్రాసెస్డ్ ఛీజ్ 120 గ్రాములు తురుముకోండి. దాంట్లో ఉప్పు ఎక్కువ, సాసుల్లో ఆ మేరకు తగ్గించండి. రుచిలో తేడా ఉంటుంది, ఉండదని చెప్పను. పార్మెజాన్‌కున్న ఆ ఘాటు దీనికి రాదు.

పాస్తా రేకులు ప్యాకెట్లో దొరుకుతాయి. ఇంట్లో చేసుకుంటే మాత్రం రుచే వేరు. 300 గ్రాముల మైదాకి మూడు గుడ్లు లెక్క. ఆకుపచ్చగా కావాలంటే రెండు గుడ్లు, గుప్పెడు పాలకూర. పాలకూర ఉడికించి నీళ్లు బాగా పిండేసి మెత్తగా రుబ్బి కలపాలి. గట్టిగా పిసికి అరగంట మూతపెట్టి ఉంచి, అప్పడాల కర్రతో మీ చేతనైనంత పల్చగా వత్తండి. పూరీ మందంలో ఉంటే తినేటప్పుడు పిండి తింటున్నట్టుంటుంది. వెడల్పు ముక్కలుగా కోసి, ఉప్పు వేసిన మరిగే నీళ్లలో నిమిషం ఉంచి, చన్నీళ్లలో ముంచి, నూలుగుడ్డ మీద విడివిడిగా పరవండి. ప్యాకెట్ రేకులైతే దాని మీద రాసినట్టు చెయ్యండి. ఉడికించక్కర్లేదని రాసి ఉంటే మాత్రం తెల్ల సాస్‌ని ఇంకో గ్లాసు పాలు పోసి పల్చన చేసుకోవాలి.

పేర్చడం పెద్ద విద్యేం కాదు. గిన్నె అడుగున కాస్త సాస్ రాసి ఒక వరస రేకులు, దాని మీద పల్చగా కీమా, దాని మీద తెల్ల సాస్, ఛీజ్ తురుము. ఇలా అయిదారు వరసలు. పొర పల్చగా ఉండాలి, వరసలు ఎక్కువుండాలి. చివరి వరస మీద తెల్ల సాస్ ధారాళంగా పోసి, ఛీజ్ చల్లి, అక్కడక్కడా వెన్న ముక్కలు పెట్టండి. 180 డిగ్రీల వేడిలో అరగంట నుంచి నలభై నిమిషాలు.

ఓవెన్ లేనివాళ్లు కేకు చేసుకునే పద్ధతి ఎలాగూ ఉంది. పాత కుక్కర్లో రాళ్లఉప్పు పరిచి, పైన స్టాండ్ పెట్టి, గాస్కెట్, విజిల్ తీసేసి మూతపెట్టి పది నిమిషాలు వేడిచేయండి. లసాన్యా గిన్నె అందులో దించి సన్నటి సెగ మీద ముప్పావుగంట ఉంచండి. అన్నీ ముందే ఉడికినవే కాబట్టి పొరలు కలుసుకుంటే చాలు. పైన ఎర్రబడదు, అదొక్కటే లోటు. మామూలు మైక్రోవేవ్‌లో మాత్రం వద్దు, అంచులు తోలులా సాగుతాయి.

ఇప్పుడు ఖమ్మం ఆవిడకి ఒక మాట. మీ మనవడు ఎరిగింది అమెరికా లసాన్యా. బొలోన్యాలో రికోటా వేయరని మీరు వాడికి ఎంత చెప్పినా, వాడి నాలుకకి కావలసింది వాళ్లమ్మ చేసే రుచి. అది కూడా న్యాయమే. మన పిల్లలు అక్కడ సాంబారు తిని ‘మా ఇంటి సాంబారులా లేదు’ అన్నట్టే. అలాంటి రుచే కావాలంటే లీటరు చిక్కటి గేదెపాలు కాచి, పొంగు రాబోయే ముందు దించి మూడు చెంచాల నిమ్మరసం పిండి, పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. పల్చటి గుడ్డలో వడకట్టండి. పావుగంట చాలు, నొక్కొద్దు, బరువు పెట్టొద్దు. ఇంకా తడితడిగా ఉండగానే రెండు చెంచాల మీగడ, ఒక గుడ్డు, ఉప్పు వేసి మెత్తగా గిలక్కొట్టండి. పావుకిలోకి అటూఇటుగా వస్తుంది. ఇది రికోటా కాదు. కానీ రాలిపోదు, వాడు గుర్తుపడతాడు కూడా.

అయినా నన్నడిగితే మొదటిసారి తెల్ల సాస్‌తోనే చెయ్యమంటాను. ఉన్నదాన్ని పోలి ఉండాలని చేసింది ఎప్పుడూ పోలికలోనే ఓడిపోతుంది. తెల్ల సాస్ లసాన్యాని దేనితోనూ పోల్చడానికుండదు, వాడికి అది కొత్త వంట. పేరు ముందుగా చెప్పకుండా పెట్టండి. రెండోసారి వడ్డించమని అడిగాక చెప్పండి, ఇది బొలోన్యావాళ్లదని.

ఇంకొక్క సంగతి. పొయ్యి మీంచి దించగానే కొయ్యకండి. పావుగంట అలా వదిలేస్తే సాస్ గట్టిపడి ముక్క ముక్కలా వస్తుంది. వేడివేడిగా కోస్తే పొరలన్నీ జారి పళ్లెంలో ముద్దపప్పులా పరుచుకుంటుంది. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పెనం మీద మూతపెట్టి వేడిచేయండి. అడుగు కరకరలాడుతూ వస్తుంది. ఆ మాడిన అంచు ముక్క కోసం ఇంట్లో గొడవ జరిగితే నా పూచీ లేదు.